వచ్చి లెక్కపెట్టుకోండి

మకాతి,
1996 జూన్ 2

అన్నయ్యా,

చేత్తో రాసిన ఉత్తరం చూసి ఆశ్చర్యపోయావా? నా బల్ల మీద ఇప్పుడు టైపు మిషను లేదు మరి. పధ్నాలుగేళ్ళు ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ టకటకా కొట్టిపెట్టిన నీ చెల్లెలు ఫెలీ, సోమవారం నుంచి ఇళ్ళు అమ్మే మనిషి. నవ్వకు.

ఏ ఇళ్ళంటావా? మా కంపెనీ కట్టిన బాలంగావ్ టవరు చిట్టచివర పన్నెండు ఫ్లాట్లున్నాయి. ఒక్కొక్కటి రెండంతస్తులు, లోపలే మెట్లు. "ఆకాశంలో బంగళాలు" అని పత్రికల నిండా ప్రకటనలు వేశారు. కింది ఫ్లాట్లన్నీ వేడివేడి బియ్యపు పుతోల్లా అమ్ముడుపోయాయి. ఇవి మాత్రం ఏడాది నుంచి దుమ్ము పట్టి ఉన్నాయి. నాకంటే ముందు ముగ్గురు మగమహారాజులు టైలు కట్టుకుని ప్రయత్నించి చేతులెత్తేశారు. నేను తిన్నగా మా యజమాని విల్యాలూస్ సారు గదిలోకి వెళ్ళి, "అవి నాకివ్వండి సార్" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి నన్ను పై నుంచి కిందిదాకా చూశాడు. "ఏడాది ఆఖరికల్లా ఆరు అమ్ము. సెబూ దీవిలో కట్టబోయే టవరుకి అమ్మకాల పెద్దవి నువ్వే. అమ్మలేకపోయావో, మళ్ళీ నీ టైపు మిషనే. ఆ తరవాత జన్మలో ఈ ఊసు నా దగ్గర ఎత్తకూడదు, సరేనా?"

సరే అన్నాను. పన్నెండు తాళంచెవులూ తీసుకునే బయటికొచ్చాను.

నువ్వు ఒక్కసారి వచ్చి ఆ మెట్లు చూడాలన్నయ్యా. నర్రా చెక్క. మెల్లగా ఒంపు తిరిగి పైకి పోతాయి. ఎంత వెతికినా మేకు తల ఒక్కటి కనబడదు. ఎవడు చేశాడో గాని వాడి చేతులకి దణ్ణం పెట్టాలి. నాన్న ఉంటే రోజంతా నిమురుతూ కూర్చునేవాడు. పాసింగ్ వదినకి నా ముద్దులు.

నీ ఫెలీ

*

తాల్,
జూన్ 21

ఫెలీ,

ఉత్తరం అందింది. మీ వదినకి మోకాళ్ళ నొప్పి తగ్గింది. సరస్సులో తవిలిస్ చేపలు ఈసారి బాగా పడుతున్నాయి, ఎవరైనా అటు వస్తుంటే ఎండబెట్టి పంపిస్తాను.

నువ్వు ఇళ్ళు అమ్ముతున్నావంటే సంతోషమే. కాని ఆ పన్నెండూ వదిలెయ్యి. ముగ్గురు మగాళ్ళ వల్ల కానిది నీ వల్ల ఏమవుతుంది? కింది అంతస్తుల్లో ఏమైనా మిగిలితే అవి అడుగు. లేదా నీ టైపు మిషను దగ్గరికే తిరిగి వెళ్ళు, అందులో తప్పేముంది. నెల జీతం, నీడ పట్టున పని.

మెట్ల సంగతి నాకు రాయకు. మీ టవరు ఏ వీధిలో ఉందో కూడా నాకు తెలీదు.

దోరో

*

మకాతి,
జూలై 28

అన్నయ్యా,

నెల రోజులు నీకు ఉత్తరం రాయకూడదనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. ముగ్గురు మగాళ్ళ వల్ల కానిది నా వల్ల ఏమవుతుందా? ఈ మాట వీధిలో వాళ్ళంటే చెప్పు తీసేదాన్ని. నువ్వన్నావు కాబట్టి ఏడ్చి ఊరుకున్నాను.

విను, ఇప్పటికి పదకొండు కుటుంబాలని తీసుకెళ్ళాను. కంపెనీ నేర్పిన పద్ధతి ఏమిటంటే, లిఫ్టులో తిన్నగా పై అంతస్తుకి వెళ్ళాలి. తలుపు తీయగానే అఖాతం, ఓడలు, సూర్యాస్తమయం. వాళ్ళు "అబ్బా!" అంటారు. అప్పుడు మెల్లగా మెట్లు దింపి వంటగది, హాలు చూపించాలి. అందరూ అబ్బా అన్నారు. అందరూ "ఎంత బాగుందో!" అన్నారు. వెళ్ళేముందు ప్రతివాళ్ళూ, "ఒక్కసారి నేనే పైకి వెళ్ళి చూసొస్తానమ్మా" అని ఒంటరిగా ఎక్కివెళ్ళారు. దిగొచ్చి నా చెయ్యి పట్టుకుని, "చాలా బాగుంది తల్లీ, చూద్దాం" అన్నారు. మళ్ళీ ఒక్కరూ రాలేదు.

దోన్యా ఎన్‌కార్నా అని ఒకావిడ, చక్కెర మిల్లుల వాళ్ళు. డెబ్బయ్యేళ్ళుంటాయి, చేతికర్ర ఉన్నా నడక మాత్రం పోలీసు నడక. ఆవిడ ఎక్కుతుంటే కింద నుంచి చూశాను, పెదాలు కదులుతున్నాయి. జపం చేసుకుంటోంది కాబోలు, ఇంత భక్తురాలు తప్పకుండా కొంటుందనుకున్నాను. దిగొచ్చి నా బుగ్గ తట్టి, "మా ఆయన్ని అడిగి చెప్తానమ్మా" అంది. వారం ఆగి ఫోను చేస్తే పనమ్మాయి ఎత్తింది. "అయ్యగారినా? ఆయన పోయి ఆరేళ్ళయింది కదండీ!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చచ్చిపోయిన మొగుణ్ణి అడ్డం పెట్టుకునేంత తప్పు నేనేం చేశాను? ఇంటికేం తక్కువ? నాకెవరూ చెప్పరేం? మన మనుషుల సంగతి నీకు తెలుసుగా, ఎదుటివాళ్ళ మొహం చిన్నబోతుందని ఉన్నమాట అనరు. ప్రాణం పోతున్నా "చూద్దాం" అంటారు.

అయినా నేను వదలను. డిసెంబరు దాకా టైముంది.

ఫెలీ

*

తాల్,
ఆగస్టు 15

ఫెలీ,

నా మొదటి ఉత్తరం చించి పారెయ్యి. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నువ్వు వాళ్ళని పై నుంచి కిందికి దింపుతున్నావు. ఒక్కసారి కింద నుంచి పైకి ఎక్కు. చెప్పులు విప్పి, మనం నాన్నతో పాటు కొత్త ఇళ్ళు చూడటానికి వెళ్ళినప్పుడు ఎక్కినట్టు ఎక్కు.

ఇంతకంటే చెప్పలేను.

దోరో

*

మకాతి,
సెప్టెంబరు 1

అన్నయ్యా!

పదిహేను!

నీ ఉత్తరం చదవగానే బస్సెక్కి టవరుకి పరిగెత్తాను. చెప్పులు విప్పాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే ముప్పయ్యేళ్ళ నాటి మాట నోట్లోకి దానంతటదే వచ్చింది. బంగారం. వెండి. చావు. మళ్ళీ బంగారం, వెండి, చావు. ఆఖరి మెట్టు పదిహేనోది. చావు! మెట్లు చావు మీద ఆగే ఇల్లు మనవాళ్ళెవరు కొంటారు? పన్నెండు ఫ్లాట్లూ తిరిగాను. పన్నెండింట్లోనూ అంతే.

ఆఖరి మెట్టు మీదే కూలబడి నా తల నేనే మొత్తుకున్నాను. వడ్రంగి కూతుర్ని! నాన్న కట్టిన ప్రతి ఇంట్లో నువ్వు ముందు, నేను వెనక, గట్టిగా అరుచుకుంటూ ఎక్కినవాళ్ళం. ఆఖరి మెట్టు బంగారమో వెండో అయితేనే నాన్న మనకి అరిటాకులో చుట్టిన బెల్లపు సుమన్ మిఠాయి కొనిపెట్టేవాడు. అలాంటిది మూడు నెలలు ఎన్నోసార్లు ఆ మెట్ల మీద తిరిగి కూడా లెక్కపెట్టలేదు. దిగుతున్నాను కదా! దిగేటప్పుడు ఎవరు లెక్కపెడతారు? నా కళ్ళు వాళ్ళ మొహాల మీద, వాళ్ళ కళ్ళు సముద్రం మీద. దోన్యా ఎన్‌కార్నా చేసింది జపం కాదు. చక్కగా లెక్కపెట్టుకుని, నన్ను నొప్పించకుండా మొగుడి పేరు చెప్పి పోయింది.

విల్యాలూస్ సారుకి చెప్తే పడీపడీ నవ్వాడు. "ఈ కాలంలో ఇంకా అవేం నమ్మకాలు ఫెలీ? పై నేలని కూడా కలుపుకో, పదహారవుతుంది. అయిపోయె!" ఆయన విదేశాల్లో చదివొచ్చాడు. గీత గీసిన ఆర్కిటెక్టు ఏకంగా విదేశీయుడే. సరే, నేను నవ్వుతూ బయటికొచ్చాను. ఆయన్ని ఒప్పించే పని నాది కాదు, వాళ్ళమ్మది. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక ఆవిడని టవరులో వేడి చాక్లెట్ తాగడానికి పిలిచాను.

ఒక్క సంగతి మాత్రం అర్థం కావట్లేదు. నువ్వు ఈ టవరు ఏ వీధిలో ఉందో కూడా తెలీదన్నావు. అక్కడ తాల్‌లో కూర్చుని నీకెలా తెలిసింది?

ఫెలీ

*

తాల్,
సెప్టెంబరు 14

చెల్లీ,

నీ ప్రశ్న చదివి నాలుగు రోజులయింది. మీ వదిన, "రాస్తావా, నన్ను రాయమంటావా?" అని బరాకో కాఫీ నా ముందు కొట్టినట్టు పెట్టింది.

ఆ మెట్లు చేసింది నేను.

పన్నెండూ నేనే చేశాను. రెండేళ్ళ కిందట హోటలు పని అని ఏడు నెలలు వెళ్ళానే, అది హోటలు కాదు, మీ టవరే. వెనకాల రేకుల షెడ్డులో పడుకునేవాణ్ణి. గీత చేతికి రాగానే లెక్కపెట్టాను. ఇంజనీరు దగ్గరికి వెళ్ళి, "అయ్యా, ఒక్క మెట్టు అటో ఇటో..." అన్నాను. అతను తలెత్తకుండానే, "మేకులు కొట్టడానికి పిలిచారు నిన్ను. నచ్చకపోతే గేటు అటుంది" అన్నాడు. అప్పుడు మీ వదిన ఆపరేషను మంచం మీద ఉంది. నేను గేటు వైపు చూసి, మళ్ళీ చెక్క వైపు చూసి, ఉలి తీసుకున్నాను. ఒక్కో ఫ్లాట్లో పదిహేనో మెట్టు బిగించేటప్పుడు కళ్ళు మూసుకునేవాణ్ణి.

నాన్న సంగతి గుర్తుందిగా? మేయరు తన ఇంట్లో పన్నెండు మెట్లు చాలన్నాడని పనిముట్లు సర్దుకుని వచ్చేశాడు. రెండేళ్ళు మనకి ఎండుచేప, గంజి. నేనప్పుడే నాన్నలా ఉంటానని ఒట్టు పెట్టుకున్నాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోయాను. నువ్వు ఆ పన్నెండే నెత్తికెత్తుకున్నావని తెలిశాక ఉన్నమాట రాయడానికి సిగ్గేసింది. అందుకే వదిలెయ్యమన్నాను.

ఇంకొకటి. ఒకసారి నువ్వు తెల్ల చెప్పులు వేసుకుని కాగితాలు పట్టుకుని అక్కడికి వచ్చావు. నేను చెక్కల వెనక దాక్కున్నాను. ఒళ్ళంతా రంపపు పొట్టుతో ఉన్నవాడు ఆఫీసమ్మాయికి అన్న అని తెలిస్తే నీకు నామోషీ అనుకున్నాను.

నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు.

దోరో

*

మకాతి,
సెప్టెంబరు 15

తెయొదోరో మకతంగాయ్ గారికి,

అలాగే పిలుస్తాను. కంపెనీ కాగితాల్లో పేరు అలాగే ఉంది.

ముందు జరిగింది చెప్తాను. విల్యాలూస్ సారు తల్లి వచ్చింది. కొడుకు పక్కనే ఉన్నాడు. ఆవిడ గౌను అంచు ఎత్తిపట్టుకుని కింద నుంచి ఎక్కడం మొదలుపెట్టింది. పదమూడు దాకా బాగానే ఉంది. పద్నాలుగు దగ్గర నెమ్మదించింది. పదిహేనో మెట్టు మీద పెట్టబోయిన కాలు అలాగే వెనక్కి తీసుకుని, వెనకడుగులతోనే కిందికి దిగొచ్చింది.

"ఒరేయ్, నీ పెళ్ళానికి, పిల్లలకి కూడా ఇందులోనే ఒకటి అట్టేపెట్టావా?"

"అమ్మా, అవన్నీ పాతకాలం..."

"పాతకాలం దాన్నే నిన్ను కన్నాను రా సన్నాసీ!"

"పై నేల కూడా కలుపుకుంటే పదహారమ్మా."

"నేల నేలే, మెట్టు మెట్టే. ఇన్ని డబ్బులు పోసి చదివిస్తే ఆ మాత్రం తేడా తెలీదా నీకు?" అని నా ఎదురుగానే చెవి పట్టుకుంది. యాభై మూడేళ్ళ మనిషి చెవి ఎర్రగా అయిపోయింది. నేను సముద్రం వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాను.

సాయంత్రానికి ఒప్పుకున్నాడు. "సరే, మార్పించు. కాని ఆ ఒంపు చెడకూడదు. మొదట చేసినవాణ్ణే పట్టుకో" అన్నాడు. పాత కాగితాలు తీయించాను. మెట్ల మేస్త్రీ పేరు, ఊరు, వేలిముద్ర పక్కన సంతకం. నీ "టి" మీది అడ్డగీత నాకు తెలీదా?

నాకు అబద్ధం ఎందుకు చెప్పావు? అది చెప్పు ముందు. మూడు నెలలు గుడ్డిదానిలా తిరిగాను. ఒక్క మాట చెప్పుంటే జూన్‌లోనే తేలిపోయేది. బయటివాళ్ళు చెప్పలేదంటే మర్యాద అనుకుంటాను. సొంత అన్నవి, నీకేం మర్యాద నా దగ్గర?

ఫెలీ

*

మకాతి,
సెప్టెంబరు 24

అన్నయ్యా,

నా ఉత్తరం డబ్బాలో వేసిన మూడో రోజుకి నీది వచ్చింది. దారిలో రెండూ ఎదురుపడి ఉంటాయి. నేను అడగకముందే నువ్వు చెప్పావు. అది నాకు చాలు.

తిట్టమన్నావుగా, తిడతాను. మెట్ల గురించి కాదు. వదిన మంచం మీద ఉంటే నేనైనా ఉలే పట్టుకునేదాన్ని. చెక్కల వెనక దాక్కున్నందుకు తిడతాను. మూర్ఖుడా! నామోషీనా? ఆ మెట్లు ఎక్కిన ప్రతివాళ్ళకీ "ఎంత పనితనమో చూడండి" అని చూపిస్తున్నది నేను. అవి మా అన్నయ్య చేశాడని చెప్పుకునే గొప్ప నాకు దక్కకుండా చేశావు. ఆ రోజు పిలిచుంటే ఆ తెల్ల చెప్పులతోనే నీ పక్కన రంపపు పొట్టులో కూర్చుని అన్నం తినేదాన్ని.

ఇప్పుడు ఏడ్చింది చాలు. మూడు నెలలుంది, ఆరు అమ్మాలి. ఒక మెట్టు ఎలా కలుపుతావో చెప్పు. కింద ఓ పలక వేసి తివాచీ కప్పేస్తే సరిపోతుందంటున్నాడు సారు.

ఫెలీ

*

తాల్,
అక్టోబరు 4

చెల్లీ,

పలక వేస్తే అతుకే అవుతుంది. కంటిని మోసం చేయొచ్చు గాని కాలిని చేయలేం. మొదటి మెట్టు పొట్టిదై, మిగతావి పొడుగైతే ఎక్కేవాళ్ళు తూలిపడతారు. పదిహేనూ ఊడదీసి పదహారు బిగిస్తాను. ఒక్కోటి వేలి మందం తగ్గుతుంది. ముసలాళ్ళ మోకాళ్ళకీ మంచిది. పదహారంటే ఆఖరిది బంగారం.

నలుగురు మనుషులు కావాలి. డిసెంబరుకి ఏడు ఫ్లాట్లు తెమలుతాయి, మిగతావి తరవాత. నవంబరు ఒకటిన ఆత్మల పండగకి నాన్న సమాధి కడిగి, జరిగింది ఆయనకి చెప్పి, రెండో తారీకు బస్సెక్కుతాను.

షెడ్డులో పడుకోను. నీ గదిలో చాప వెయ్యి.

దోరో

*

మకాతి,
డిసెంబరు 29

అన్నయ్యా,

క్రిస్మస్‌కి నువ్వు వెళ్ళిపోయాక గది బోసిపోయింది. చాప మాత్రం తీయలేదు.

నువ్వున్నప్పుడు ప్రకటన గురించి పోట్లాట అయింది చూడు, నేనే గెలిచాను. "ఆకాశంలో బంగళాలు" తీసేశారు. ఆదివారం పత్రికలో మెట్ల బొమ్మ, కింద ఒకటే ముక్క: "పదహారు మెట్లు. వచ్చి లెక్కపెట్టుకోండి." విల్యాలూస్ సారు, "ఇదేం ప్రకటన? ఎవరికీ అర్థం కాదు" అన్నాడు. "మీకు కాదు సార్, అమ్మగారికవుతుంది" అన్నాను. సోమవారం పొద్దున లిఫ్టు దగ్గర క్యూ కట్టారు. ఇప్పుడు అందరినీ కింద నుంచే ఎక్కిస్తున్నాను. ముసలమ్మలు గట్టిగా లెక్కపెడుతుంటే పిల్లలు అందుకుంటున్నారు. నువ్వు వెళ్ళేనాటికి మూడు, తరవాత రెండు. నిన్న పొద్దుటికి మొత్తం ఐదు. ఇంకొక్కటి చాలు, మూడు రోజులుంది.

నిన్న మధ్యాహ్నం దోన్యా ఎన్‌కార్నా వచ్చింది. చేతికర్ర టకటకలాడించుకుంటూ తిన్నగా మెట్ల దగ్గరికి వెళ్ళి, ఈసారి పైకే లెక్కపెట్టింది. "బంగారం!" అని పైన నిలబడి కర్రతో నేల కొట్టింది. "ఎవరమ్మా సరిచేసింది?"

ఎవరో వడ్రంగి అని ఊరుకోవచ్చు. ఆరోది చేతిలో పడేది. కాని నాకు నోరాగలేదు. "మా అన్నయ్యండీ. మొదటి పదిహేనూ చేసింది కూడా ఆయనే. తప్పని తెలిసే చేశాడు. చెప్పబోతే ఇంజనీరు వినలేదు, తరవాత నోరు మూసుకున్నాడు" అన్నాను. అయిపోయింది, టైపు మిషనే అనుకున్నాను.

ఆవిడ పై మెట్టు మీదే చతికిలబడింది. పక్కన కూర్చోమంది.

"నేనూ తెలిసే నోరు మూసుకున్నాగా. జూలైలో నీ మొహం చూసి, పాపం అనుకుని, పోయిన మా ఆయన మీద పెట్టి తప్పించుకున్నాను. నేనొక్క మాటంటే నీకు ఇన్ని నెలలు తిప్పలు ఉండేవా? మీ అన్న కూలివాడు, వాడికి భయం. నాకేం భయమే? ఎక్కడ పెట్టాలి సంతకం?"

ఆరు, అన్నయ్యా! మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఏడ్చాం. మార్చిలో సెబూ వెళ్తున్నాను, అమ్మకాల పెద్దగా. అక్కడ నలభై ఫ్లాట్లు, నలభై మెట్ల వరసలు. నువ్వు కూడా రా. ఇక్కడున్నప్పుడు అన్నట్టు చెల్లెలి నీడలో బతకనని మళ్ళీ అనకు.

నీ ఫెలీ

*

లిపా,
1997 జనవరి 19

చెల్లీ,

నీ ఉత్తరం మీ వదిన అందరికీ చదివి వినిపించింది. ఆరు అన్న చోట అందరూ చప్పట్లు కొట్టారు. అయినా రానన్నాను గుర్తుందా, నా పని నేను వెతుక్కుంటానని. లిపాలో కొత్త హోటలు పనికి కుదిరాను. ఈ పొద్దున మెట్ల గీత ఇచ్చారు. కొత్త మేస్త్రీ కుర్చీలో కూర్చుని సిగరెట్టు కాలుస్తున్నాడు. నేను వేలితో లెక్కపెట్టాను. పద్ధెనిమిది.

ఉలి కింద పెట్టాను. అందరికీ వినబడేలా అన్నాను, "ఇది చావు మీద ఆగుతోంది. నేను చెయ్యను."

"గేటు అటుంది" అన్నాడు. అందరూ ఇదే మాట ఎక్కడ నేర్చుకుంటారో!

పెట్టె భుజాన వేసుకుని నడిచాను. నాన్న కూడా ఇలాగే నడిచి ఉంటాడనిపించింది. భయం వేసింది గాని నడక ఆపలేదు. గేటు దాటి కాఫీ కొట్టు దగ్గర కూర్చున్నానో లేదో, వెనకాల చప్పుడైంది. పనిముట్ల పెట్టెలతో ముగ్గురు. ముగ్గురూ కుర్రాళ్ళు కాదు, ముప్పయ్యేళ్ళు రంపం పట్టినవాళ్ళే. అందులో పెద్దాయన బెంచీ మీద కూర్చుంటూ తల గోక్కున్నాడు.

"మేమూ లెక్కపెట్టాం దోరో. ఎవరో ఒకరు ముందు అంటారేమోనని చూస్తున్నాం."

ఇప్పుడు నలుగురం ఆ కొట్టులోనే కూర్చుని ఉన్నాం. మూడో విడత కాఫీ నడుస్తోంది. వీళ్ళు నా భుజం మీంచి తొంగి చూస్తూ ఏం రాస్తున్నావని అడుగుతున్నారు. సెబూకి ఓడ ఏ రోజు బయల్దేరుతుందో కనుక్కుని వెంటనే రాయి. నలభై అన్నావు, ముందు ఆ గీతలు పంపించు. లెక్కపెట్టుకుని వస్తాం.

నీ అన్నయ్య